గట్టయ్య పాషా, టీటూ క్వార్టర్, ఇస్తాంబుల్

"మొగిలి కాకా... ఓ మొగిలి కాకా..."

కేక వాడ చివర నీళ్ల ట్యాంకు కాడి నుంచి వచ్చింది. గొంతు నెట్ సెంటర్ డెబోరాది. షామియానా కింద కూసున్న పది పన్నెండు మందికి ఇనవడ్డది, కూర గంజు మీద మూత సర్దుతున్న మొగిలి పెండ్లాం పూలమ్మకు ఇనవడ్డది, ఎనబయ్యేండ్ల మార్తమ్మవ్వ గూడ తలెత్తి ఆ దిక్కు చూసింది. మొగిలికి మాత్రం ఇనవడలేదు. ఇనవడనట్టు కూసున్నడు అంటే సరిగ్గ ఉంటది. పిల్ల పిలుస్తున్నది పోరాదు అని ఎవరో అంటే, పిలిచేటోళ్లు వాళ్లే వస్తరు తియ్, నా ముచ్చట సగంల తెగితే మల్ల ముడేసుడు కష్టం అని కుర్చీ ఇంకింత ముంగటికి జరుపుకున్నడు. జరుపుకుంట అంగి జేబు మీద చెయ్యేసి చూసుకున్నడు. జేబు ఖాళీ. గప్పటి సంది ఆయన మాట ఇంకింత జోరందుకున్నది.

దావత్ దయాసాగర్‌ది. బొగ్గు బాయి మీద టైమాఫీసుల ముప్పై నాలుగేండ్లు హాజరు రాసే క్లర్కుగ చేసి పోయిన నెలాఖరున రిటైరైండు. సకల జనుల సమ్మె అయినంక వచ్చిన మొదటి ఎండకాలం అది, పదకొండు గొట్టేసరికే రోడ్డు మీది తారు చెప్పులకు అంటుతున్నది. ఆదివారం చర్చి అయిపోయినంక క్వార్టర్ ముంగట షామియానా ఏసి, రెండు కూలర్లు పెట్టి, బాయి దోస్తులను, వాడోళ్లను పిలిచిండు. అన్నం దిగింది, మటన్ దిగింది, పచ్చిపులుసు గూడ అయింది. కాని పాస్టరుగారు వచ్చి ప్రార్థన చెయ్యందే ఎవరూ ముట్టరు. ఆయనేమో సెంటినరీ కాలనీల ఇంకో ఇంట్ల ఉన్నడు, బయలెల్లుతున్న అని గంట కింద ఫోన్ చేసిండు. ఆకలి మీదున్న మనుషులను ఎట్ల కూసోపెట్టుడని దయాసాగర్ గునుస్తుంటే, మొగిలి ఉన్నంక నీకేం ఫికర్ అన్నరు అందరు.

మొగిలి సంగతి తెల్వనోళ్లు ఆ వాడల లేరు. బాయి లోపల బొగ్గు టబ్బులను ఇనుపతాడుతోని గుంజే హాలేజీ మీద ఆయన పని. గంట కొడితే గుంజాలె, గంట కొడితే ఆపాలె, నడుమ ఎనిమిది గంటలు ఒక్కడే కూసోవాలె. ఆ ఎనిమిది గంటల మాటలన్ని ఆయనకు పైకొచ్చినంకనే ఒడుస్తయి. గందుకే మొగిలి డ్యూటీ దిగిండంటే చాయ్ హోటల్ల ఇంకో గ్లాసు ఎక్కువ అమ్ముడుపోతది.

ఆ రోజు మొదలువెట్టుడు మాత్రం చిన్నగనే మొదలువెట్టిండు. నేను చేసిందేం పెద్ద ఘనకార్యం కాదు, ఒక ఆడపిల్లకు నాలుగు పైసలు మిగిల్చిన, గంతే అన్నడు. కంప్యూటరుకు యాంటీ వైరస్ అని ఒకటుంటది, అది కావలి మనిషి లెక్క, ఏడాదికోసారి దానికి జీతం కట్టాలె, కట్టకుంటే డ్యూటీ దిగి పోతది. ఆ జీతం మన దగ్గర ఒక రేటు, ఇంకో దేశంల ఇంకో రేటు. కావలి అదే, కట్టె అదే, రేటే వేరు. ఎందుకట్ల అని మీరెవ్వరన్న అడిగిండ్రా, అడగరు, ఎందుకంటే మీకు బొగ్గు తవ్వుడు ఎరుక గాని బొగ్గు అమ్ముడు ఎరుక లేదు. అదే బొగ్గు బాయి కాడ ఒక రేటు, హైదరాబాదు చేరితే ఒక రేటు, మద్రాసు దాక పోతే ఇంకో రేటు. గట్లనే యాంటీ వైరస్‌కు గూడ ఏడనో ఒక బాయి ఉండాలె, ఆ బాయి కాడికి పోయి కొన్నోనికి అగ్గువ పడాలె. గా బాయి ఏడున్నదో పట్టుడే నేను చేసిన పని.

వైరస్ అన్న మాట చెవిన పడి, ఎవరికి జరమొచ్చింది బిడ్డా అని అడిగింది మార్తమ్మవ్వ. ఆమె దయాసాగర్ తల్లి. జరం మనిషికి కాదమ్మా, కంప్యూటర్‌కు అన్నడు కొడుకు. అయితే దవాఖానకు తీస్కపోరాదు, ఈడ కూసోని ముచ్చట్లేంది అని ఆమె మల్ల కండ్లు మూసుకున్నది.

అందరు నవ్విండ్రు. నర్సింగం ఒక్కడు నవ్వలేదు. ఆయన బాయిల కప్పు కూలకుండ కర్రలు నిలబెట్టే పని చేసి దిగిపోయిన మనిషి. మాట తక్కువ. కప్పు కింద చెవొగ్గి, కర్ర ఎప్పుడు మూలుగుతదో అని ఇని ఇని, మనుషుల మాటలను గూడ గట్లనే ఇంటడు.

"అగ్గువ సంగతి మంచిదే బావా," అన్నడు. "మా కొడుకు వీరేందర్ కాయితాలు భద్రమేనా, ముందు గది చెప్పు."

ఆ కాయితాల సంగతి షామియానా కింద అందరికీ ఎరుకే. దయాసాగర్ బిడ్డ డెబోరా నీళ్ల ట్యాంకు కాడ ఒక షట్టర్ కిరాయికి తీసుకొని నెట్ సెంటర్ నడుపుతది. ఆ రోజులల్ల ఒక నౌకరి నోటిఫికేషన్ పడ్డది. వాడల చదువుకున్న పోరగాండ్లు అరవై రెండు మంది తమ సర్టిఫికెట్లు, ఫోటోలు, సంతకాలు అన్ని తెచ్చి డెబోరా పెద్ద కంప్యూటర్ల పెట్టిచ్చిండ్రు. ఫారాలు నింపి ఉన్నయి, సోమవారం పొద్దున నుంచి ఒక్కొక్కటి పంపాలె, సాయంత్రం ఐదింటికి ఆఖరు. కిందటి నెల ఎవడో పెన్‌డ్రైవ్ పెడితే వైరస్ వచ్చి రెండు రోజుల పని మింగింది, డెబోరా కూసోని ఏడ్చింది. ఇప్పుడు సరిగ్గ గీ అక్కర ఉన్నప్పుడే యాంటీ వైరస్ గడువు ఒడిసింది. ఏడాదికి తొమ్మిది వందలు పెట్టాలె కాకా అని ఆమె అంటే, మొగిలి చెయ్యి అడ్డం పెట్టి, మూడు వందలు తే బిడ్డా, ఫారెన్ల తెచ్చి ఎక్కిస్త అని మాటిచ్చిండు. ఇచ్చి వారమైంది. ఆ మాట నిలబడ్డదా లేదా అన్నదే నర్సింగం అడిగింది.

భద్రం అంటే మామూలు భద్రం కాదు బావా, జర ఇను అన్నడు మొగిలి.

ఇగ గప్పుడు మొదలైంది దేశాల తిరుగుడు. ఒక్క సాయంత్రంల నెట్టు మీద పద్నాలుగు దేశాల దుకాణాలు చూసిండట. చాయ్ వచ్చేసరికి ఆ పద్నాలుగు నలబై అయినయి, గ్లాసు కింద పెట్టేసరికి భూగోళంల దేశం మిగలలేదు. జపాన్ల రేటు చూస్తే కండ్లు తిరిగినయి, జర్మనీల అడిగితే వాడు మనిషిని చూసి రేటు చెప్పెటట్టున్నడు, బ్రెజిలోడు కొద్దిగ నయం కాని నడుమ సముద్రం పెద్దది, తెచ్చేసరికి తడుస్తది. తడుస్తదా అని దయాసాగర్ అడిగితే, నీకు హాజరు రాసుడే ఎరుక, నెట్టు తీగె సముద్రం అడుగునుంచి వస్తదని ఎరుక లేదు అన్నడు. ఆఖరికి టర్కీల కాలు పెట్టిండు. అగో, గదే బాయి. రేటు మూడో వంతు.

"గప్పుడేమైందో ఎరికేనా?"

ఎవరికీ ఎరుక లేదు. దుకాణం ఒక ఫారం ముంగట పెట్టిందట, నీ పేరేంది, నీ ఇల్లేడ అని. ఆ దేశపు మనిషికే ఆ రేటు, మన పేరు పెడితే మన రేటు. ఇంకొకడైతే ఆడికెల్లి ఎనుకకు తిరుగు. నాకు పేర్లు కరువా అన్నడు మొగిలి, అనంగనే బాయి దోస్తులంత ఒక్కసారి నవ్విండ్రు.

ఎందుకంటే బాయి రికార్డుల మొగిలి పేరు మొగిలి కాదు, గట్టయ్య. ఎనుకటి కాలంల గట్ల శానమందికి అయింది. ఒకని పేరు మీద నౌకరి వచ్చేది, వాడు భూమి లోపలికి దిగుడంటే భయపడి పొలం దున్నుకునేటోడు, ఆ పేరు మీద ఇంకొకడు దిగేటోడు. మొగిలి ఇరవై ఏండ్లప్పుడు గట్టయ్య అయి దిగిండు. జీతం చీటి గట్టయ్యది, కంపెనీ ఇచ్చిన టీటూ క్వార్టర్ గట్టయ్యది, పాసు బుక్కు గట్టయ్యది, ఇంట్ల ఒక్క పూలమ్మకే మొగిలి, ఆమెకు గూడ కోపమొస్తే గట్టయ్యనే. ముప్పయ్యేండ్లు దయాసాగర్ రోజూ హాజరుల గట్టయ్య అని రాసి, చాయ్ కాడ మొగిలీ అని పిలిచిండు. పేరన్నది తలుపు తెరిచేదాకనే, తెరిచినంక పనే చూస్తరు అని మొగిలి నమ్మకం.

గందుకే ఆ ఫారంల ధైర్యంగ, పేరు గట్టయ్య పాషా అని పెట్టిండట. ఇల్లు ఏడ అంటే, టీటూ క్వార్టర్, నంబరు నూట పద్దెనిమిది, ఇస్తాంబుల్.

ఇస్తాంబుల్ల టీటూ క్వార్టర్లు ఉంటయా అని ఎవరో అడిగిండ్రు. క్వార్టర్లు లేకుంట మనుషులు ఏడ ఉంటరు, చెట్ల మీదనా అన్నడు. పాషా ఎందుకు పెట్టినవ్ అంటే, ఆడ పెద్దమనుషులందరు పాషాలేనట, పెట్టకుంటే మర్యాద తక్కువైతదట.

డెబోరా గొంతు మల్ల ఇనవడ్డది, ఈసారి దగ్గరికెల్లి. వాడ మలుపు కాడ ఎవరో ఆపి రేపు ఎన్నింటికి తెరుస్తవ్ అని అడుగుతున్నట్టున్నది. మొగిలి ఆ దిక్కు చూడకుండ గొంతు పెంచిండు.

ఫారం నింపి ఊకున్ననా, ఊకోలే. రేటు ఇంకింత దిగుతదా అని దుకాణపోనికే ఫోన్ కొట్టిన అన్నడు. భాష రాదు గద బావా అన్నరు. భాష రాకేంది, వాడు మాట్లాడేది సగం మన హైదరాబాదు మాటనే. వాడు దునియాను దునియానే అంటడు, కితాబును కితాబే అంటడు, హవా అంటే హవానే, దోస్తంటే దోస్తే, ఆఖరికి సబ్బును గూడ సబూనే అంటడు. ఇగ కావల్సిందేంది. దోస్త్, దునియాల హవా సక్కగ లేదు, హిసాబ్ జర తగ్గియ్ అన్న. వాడు తగ్గియ్య అన్నడు. మన అంగట్ల ఏం చేస్తం, వద్దు పో అని లేచి పోతం, వాడు ఎనుక నుంచి పిలుస్తడు. ఫోన్ల ఎట్ల లేచిపోవాలె. నేను ఫోన్ చెవు కాడనే పట్టుకొని, చెప్పులు టపటప కొట్టుకుంట మా ఇంట్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాక నడిచిన. ఆ చప్పుడు వాడు ఇన్నడు. పాషా, పాషా, వాపస్ రా అని బతిలాడిండు.

షామియానా కింద నవ్వులు. కూలర్ కాడి మనిషి కుర్చీతో సహా ఇటు జరిగిండు. నర్సింగం మాత్రం, మరి కాయితాలు అని మల్ల అన్నడు.

అసలు సంగతి ఈడ చెప్పాలె, లేకుంటే మొగిలి జేబు ఎందుకు తడుముకుంటున్నడో మీకు తెల్వదు. టర్కీల కొన్న మాట నిజమే. ఫోన్ లేదు, పాడు లేదు, మస్కట్ల పని చేసే మేనల్లుడు అంజి తన కార్డు మీద కొనిపెట్టిండు, నంబరు మెయిల్‌కు వచ్చింది. శుక్రవారం తన ఇంటి కంప్యూటర్ల ఆ నంబరు కొట్టి చూస్తే అది పని చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో అంజి చెప్పిండు కాని, ఆ ముచ్చట మొగిలి పూలమ్మకు గూడ చెప్పలేదు. ఏం మొఖం పెట్టుకొని చెప్తడు, వారం సంది బాయి కాడ, క్యాంటీన్ల, బస్టాపుల టర్కీ టర్కీ అని చాటిచ్చిన మనిషి. శనివారం మొదటి షిఫ్టు దిగంగనే, చెవుల ఎనుక బొగ్గు గూడ సరిగ్గ పోకముందే షేర్ ఆటో ఎక్కి గోదావరిఖని లక్ష్మీనగర్‌కు పోయిండు. ఆడ ఒక కంప్యూటర్ దుకాణంల పూర్తి రేటు పెట్టి, డెబోరా అంతకుముందు వాడిన యాంటీ వైరసే కొన్నడు. పొద్దుగాల ఆమె ఇంటోళ్లతోని చర్చికి పోయినప్పుడు, ఆమె ఇచ్చిన తాళంతోనే షట్టర్ తీసి ఎక్కిచ్చిండు. పచ్చ గుర్తు పడేదాక కుర్చీల కెల్లి లేవలేదు. నంబరున్న చిన్న అట్ట, రీచార్జి కార్డంత ఉంటది, ఎనుక దుకాణం సీలుంటది, అది జేబుల పెట్టుకొని వచ్చిన అనుకున్నడు. పెట్టుకోలేదు. అది కీబోర్డు పక్కన్నే ఉండిపోయింది.

ఇగో, ఇప్పుడు డెబోరా షామియానా గుంజ కాడికి వచ్చి నిలబడ్డది. చేతుల ఆ అట్ట ఉన్నది.

మొగిలి చూసిండు. చూసి ఆగితే అయిపోయేది. కాని హాలేజీ మీద తాడు వదిలినట్టు మాట వదిలిన మనిషి, నడుమ గంట ఎవరు కొడుతరు. పిల్ల నోరు తెరిస్తే తన పని ఖతం, తను నోరు ముయ్యకుంటే ఆమె తెరువదు, ఎందుకంటే పెద్దోళ్లు మాట్లాడంగ నడుమ రాని పిల్ల అది. గందుకని ఊపిరి తీసుకోకుండ అందుకున్నడు.

దుకాణపోడు చాలక వాళ్ల పెద్ద సేటు లైన్లకు వచ్చిండట. నువ్వేం పని చేస్తవ్ పాషా అన్నడట. భూమి కింద హాలేజీ గుంజుత అంటే సేటు కుర్చీల కెల్లి లేచి నిలబడ్డడట, కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఈడికి ఇనవడ్డదట. నిలబడి, పాషా, మా దగ్గరనే ఒక పెద్ద వైరస్ చొరబడ్డది, మా ఇంజనీర్లతోని అయితలేదు, నువ్వు భూమి కింద పని చేసిన మనిషివి, ఏమన్న ఉపాయం చెప్పు అన్నడట. చెప్పకుంట ఎట్ల. బాయిల గ్యాసు పడితే ఏం చేస్తమో గదే చెయ్యుండ్రి అన్న. ముందుగాల దీపం పట్టి చూడుండ్రి, మంట నీలంగ సాగితే ఎనుకకు జరుగుండ్రి, గాలి తోలుండ్రి, ఆపైన రాతిపొడి చల్లుండ్రి, చల్లి ఇటుకలతోని దారి మూసెయ్యుండ్రి. వాళ్లు చెప్పినట్టే చేసిండ్రు. రాతిపొడి పడంగనే వైరస్‌కు తుమ్ములు మొదలైనయి. ఒక్కో తుమ్ముకు ఇస్తాంబుల్ల కరెంటు పోయి వస్తున్నది. ఆఖరు తుమ్ముకు అది బర్రె అంత అయి కంప్యూటర్ల కెల్లి బయట పడ్డది, బజార్ల పడి ఉరికింది, ఎనుక ఊరంత ఉరికింది, సముద్రంల దుంకింది. అది దుంకిన ఆ నిమిషంల మన రామగుండం కరెంటు ఫ్యాక్టరీ పొగ ఇటు వంగి మల్ల నిలబడ్డది, చూసినోళ్లు ఉన్నరు, కావాలంటే స్టేషన్ల అడుగుండ్రి.

దయాసాగర్ నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. గుంజ కాడ డెబోరా గూడ అట్టను నోటికి అడ్డం పెట్టుకున్నది. పూలమ్మ ఒక్కతే గంజు కాడికెల్లి మొగని మొఖం చూసుకుంట నిలబడ్డది. ముప్పయ్యేండ్లు కాపురం చేసిన మనిషికి ఆ మొఖం మీది చెమట ఎండకు పట్టింది కాదని తెలువదా.

"గప్పుడేమైందో ఎరికేనా?" అన్నడు మొగిలి, అడగనోళ్లకు గూడ చెప్తున్నట్టు.

సేటు సంబరపడి రేటు సగం చేసిండట. వద్దు పో అని మొగిలి మల్ల చెప్పులు టపటప కొట్టిండట. పావు చేసిండు. మల్ల నడిచిండు. ముఫత్ అన్నడు. ముఫత్ వద్దు అన్నడట మొగిలి, ఊకె తీసుకునే ఖాందాన్ కాదు మాది. అయితే నేనే నీకు ఎదురిస్త, నెలకింత పింఛను లెక్క పంపుత, తీసుకో అని సేటు ఏడ్సినంత పని చేసిండట. పైసలు నాకెందుకు, నాకు ఒక్కటే కావాలె అన్నడట మొగిలి.

ఈడ ఆయన ఆగిండు. ఏం కోరుకున్నవ్ అని అందరు ముంగటికి వంగిండ్రు.

ఆ ఫారంల దేశాల పేర్లు వరుసగ ఉంటయి గద, ఆ వరుసల మా తెలంగాణ లేదు, అది పెట్టు అన్నడట. అది దేశం కాదు గద పాషా అన్నడట సేటు. దేశమని నేనన్ననా, నీ దుకాణంల ఒక రేటు, ఒక వరుస, ఒక పేరు, గంతే అడిగిన. సేటు రాత్రింబవళ్లు తన మనుషులను కూసోపెట్టి పెట్టిచ్చిండట. ఇంగిలీషు అక్షరాల లెక్కన టాంజానియా కింద, థాయిలాండ్ మీద, నడుమ సక్కగ తెలంగాణ.

"మనం ముప్పై అయిదు రోజులు సమ్మె చేస్తిమి, బొగ్గు బండి కదలనియ్యకపోతిమి," అన్నడు మొగిలి, గొంతు కొద్దిగ తగ్గించి. "ఢిల్లీ ఇయ్యంది ఇస్తాంబుల్ ఇచ్చింది."

చప్పట్లు పడ్డయి. ఆ ఒక్క మాటకు ఎవరూ అబద్ధమని అనబుద్ధి కాలేదు. సమ్మెల జీతం లేక పుస్తెలు కుదువపెట్టిన ఇండ్లు ఆ షామియానా కిందనే నాలుగైదు ఉన్నయి. చప్పట్ల నడుమ మొగిలి మొట్టమొదటిసారి ఊపిరి తీసుకున్నడు. తీసుకోవాలె గద, మనిషి.

ఆ ఊపిరి సందుల నర్సింగం లేచి డెబోరా దిక్కు తిరిగిండు. కాకను అడిగితే చెప్తలేడు బిడ్డా, నువ్వన్న చెప్పు అన్నడు.

భద్రమే పెదనాయినా అన్నది డెబోరా. ఇప్పుడే చూసి వచ్చిన, పచ్చ గుర్తు వచ్చింది, అన్ని ఫైళ్లు ఉన్నయి, వీరేందర్‌వి గూడ ఉన్నయి, పొద్దుగాల కాకనే ఎక్కిచ్చిండు. గందుకే పిలిచిన, దీని అట్ట మరిచిపోయిండు, ఇద్దామని. అనుకుంట ఆ అట్ట నర్సింగం చేతుల పెట్టింది. కావాలని పెట్టిందా, ఊకెనే పెట్టిందా, ఆ పిల్లకే ఎరుక.

నర్సింగం కండ్లద్దాలు పెట్టుకున్నడు. తన కొడుకు బతుకు కాసిన కాయితం ఎట్లుంటదో చూడాలె అన్నట్టు ముందు దిక్కు మొత్తం చదివిండు. తిప్పిండు. ఎనుక దిక్కు చదివిండు. సీలు కాడ అట్టను కంటికి దగ్గరికి తెచ్చుకున్నడు. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నడు. మొగిలి ఆ అట్టనే చూస్తున్నడు.

"బావా," అన్నడు నర్సింగం, ఎంత నిమ్మళంగ అడగాలెనో అంత నిమ్మళంగ. "ఇస్తాంబుల్ల గూడ లక్ష్మీనగర్ ఉన్నదా?"



మొగిలి నోరు తెరిచిండు. ఉంటది బావా, పెద్ద ఊరు గద అన్నడు, కాని ఆ మాట కుర్చీ దాటి పోలేదు. గప్పుడు నవ్విండ్రు చూడు, షామియానా గుంజలు ఊగినయి. దయాసాగర్ కుర్చీల కెల్లి జారిండు. మార్తమ్మవ్వ మేల్కొని, జరం తగ్గిందా అని అడిగింది.

నవ్వులు కొంచెం సద్దుమణిగినంక మొగిలి తుండుగుడ్డతోని మొఖం తుడుచుకొని, టర్కీది పని చెయ్యలే బావా అన్నడు. నంబరు కొట్టంగనే అది అడిగింది, గట్టయ్య పాషా ఇస్తాంబుల్ల ఉంటడని రాసినవ్, మరి ఈ కంప్యూటర్ తెలంగాణల ఎందుకున్నది అని. తెలంగాణ అనలేదనుకో, ఇండియా అన్నది. టర్కీల కొన్నది టర్కీలనే పని చేస్తదట, అంజి చెప్పిండు. పేరు ఏం పెట్టినా దానికి పట్టింపు లేదు, మనిషి ఏడ కూసున్నడో చూస్తదట.

నర్సింగం అట్ట మడుచుకుంట, గంతేనా అన్నడు. "బాయిల ముప్పయ్యేండ్లు నడిచిన పేరు ఆడ మూడు నిమిషాలు నడువలేదన్నట్టు."

మల్ల నవ్వులు. ఈసారి మొగిలి గూడ నవ్విండు, కొద్దిగ. డెబోరా నవ్వలేదు. ఆమె దగ్గరికి వచ్చి, నేనిచ్చింది మూడు వందలే గద కాకా, అవి గూడ టర్కీల పోయినయి గద, మరి నాకొక మాట చెప్తే అయిపోయేది గద అన్నది.

మొగిలి పిల్ల మొఖం చూడలేక తన చెప్పుల దిక్కు చూసిండు.

"చెప్తే పైసలు పెట్టొద్దంటవ్ బిడ్డా, కావలి లేకున్న ఒక్కరోజే గద అంటవ్," అన్నడు. "నీ మిషిన్ల అరవై రెండు మంది పోరగాండ్లు ఉన్నరు. టర్కీ ముచ్చట నాది. వాళ్లది కాదు గద."

దయాసాగర్ కండ్లద్దాలు మల్ల తీసిండు, ఈసారి నవ్వుకు కాదు. డెబోరా ఏదో అనబోయింది, ఇంతల వాడ మొదట్ల ఆటో హారను మోగింది. పాస్టరుగారు చెమటలు కారుకుంట దిగి, దారిల టైరు పోయింది, క్షమించుండ్రి అన్నడు. అందరు లేచి నిలబడ్డరు. ఆయన కండ్లు మూసుకొని దయాసాగర్ ముప్పై నాలుగేండ్ల సర్వీసుకు, ఇంటిల్లిపాదికి, బాయిల దిగే ప్రతి మనిషికి, పరీక్షలు రాసే ప్రతి పిల్లగానికి పేరు పేరున ప్రార్థన చేసిండు. శానసేపు చేసిండు. అంతసేపు మొగిలి తల వంచుకొని, చేతులు కట్టుకొని, ఒక్క మాట మాట్లాడకుండ నిలబడ్డడు. ఆ వాడల ఇసొంటిది ఎవరూ చూడలేదు.

ఆమెన్ అన్నరు. చాపలు పరిచిండ్రు, ఇస్తార్లు ఏసిండ్రు, నీళ్లు చల్లిండ్రు. పాస్టరుగారు నడుమ కూసున్నడు, ఆయనకు ఇటు దయాసాగర్, అటు మార్తమ్మవ్వ, ఎదురు వరుసల బాయి దోస్తులు. అన్నం వడ్డన మొదలైంది. అందరు కూసున్నంక చూస్తే మొగిలి ఒక్కడే నిలబడి ఉన్నడు. తల వంచుకున్న మనిషి ఎంతసేపని వంచుకుంటడు. పాస్టరుగారి దిక్కు వంగి, మీరు జర ఆలస్యంగ వచ్చిండ్రు గాని అయ్యగారూ, ఇస్తాంబుల్ల ఒక గమ్మత్తైంది అని అప్పుడే ఎత్తుకుంటున్నడు.

పూలమ్మ కూర గంటె పట్టుకొని ఎనుకకెల్లి వచ్చింది.

"ఇస్తాంబుల్ చాలు," అన్నది. "ఇస్తారి ముంగట కూసో."

మొగిలి కూసున్నడు. ఏడ కూసోవాలెనో తెల్వక చూస్తుంటే నర్సింగం పక్కకు జరిగి జాగ ఇచ్చిండు. పూలమ్మ వరుసగ కూర ఏసుకుంట వచ్చింది. నర్సింగం ఇస్తార్ల అందరు ఆశపడే మూలుగ బొక్క పడ్డది. ఆయన ఇంకా అన్నంల చెయ్యి పెట్టకముందే ఆ బొక్కను తీసి మొగిలి ఇస్తార్ల ఏసిండు. మొగిలి ఆయన దిక్కు చూసిండు. బొక్క అందుకొని జుర్రుకున్నడు. ఆ పంక్తిల అన్నం కలిపే చప్పుడు, ఆ జుర్రుడు చప్పుడు తప్ప ఇంకేం ఇనవడలేదు.